కడియం రొట్టె

బట్టీ మూతికి ఇనపరేకు అడ్డం పెట్టి, చుట్టూ తడిమట్టి మెత్తి, ఖాదర్‌బాషా చేతులు కడుక్కోవడానికి లేచిన తర్వాత గుర్తొచ్చింది మేరమ్మకు, పిండిలో కల్లు పోసిన సంగతి. తాటికల్లు, గిద్దెడు. ఇంకా వెలుగు రాకముందే లేచి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కొత్త బేసిన్లో మైదా పోసి, మధ్యలో గుంట చేసి, ఆ గుంటలో తన చేత్తో తానే పోసింది. ఎవరో పోస్తే ఎవరినో తిట్టుకునేది. ఇప్పుడా పిండి కడియంలా చుట్టుకుని బట్టీలో పొంగుతూ ఉంది. అజాన్ వినపడగానే ఖాదర్‌బాషా భార్య రోషన్ బీ దాన్ని గుడ్డ మీద మధ్యలో పెడుతుంది, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని తలా ఓ ముక్క తుంచుకుని రోజా విప్పుతారు. "ముప్పావు గంట పడుతుంది మేరమ్మా, మధ్యలో రేకు తీస్తే కుంగిపోద్ది, నీకు నేను చెప్పాలా" అన్నాడు ఖాదర్‌బాషా వెళ్తూ వెళ్తూ. ఆమె తలూపింది. గోడగడియారంలో అయిదుంపావు. నోరు తెరిచి ఆ మాట అప్పుడే అనేస్తే సరిపోయేది, అనలేదు. బల్ల మీద కూలబడింది. వెనక గోడ వెచ్చగా వీపుకు తగిలింది.

ఎట్లా మరిచిపోయింది? మరిచిపోవడం కాదు, అదే చిత్రం. అది కల్లని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పద్నాలుగేళ్ళుగా తను పనిచేసే కాన్వెంటు వంటింట్లో దాని పేరు పులుపు. తెల్లగుడ్డ వాసెన కట్టిన పింగాణీ జాడీలో, ఉప్పు డబ్బా పక్కన, ఎంతో బుద్ధిగా ఉండేది. గౌడ సైకిలు మీద కుండ తెచ్చి పెరటి గుమ్మంలో పోసి వెళ్ళేవాడు, పాలవాడు పాలు పోసి వెళ్ళినట్టే. ఇంటి దగ్గర మాత్రం వేరే చట్టం. పొద్దు వాలితే కల్లుపాక వైపు అడుగేయబోయే జోజప్పకు ఇరవయ్యేళ్ళుగా వాకిట్లో అడ్డం నిలబడి పోట్లాడుతున్న మనిషి ఆమె. కల్లు ముంత తన గడప దాటితే ముంతా ఉండదు, మొగుడూ ఉండడని పేటంతా వినేట్టు చెప్పిన మనిషి. నిన్న సాయంత్రం గౌడ దగ్గర గిద్దెడు పోయించుకుని గూట్లో పెడుతుంటే జోజప్ప గుమ్మానికి ఆనుకుని నవ్వాడు. "నీ పిండిలో పోస్తే పులుపు, నా గొంతులో పోస్తే కల్లు. ఇదేం న్యాయమే" అన్నాడు. చాల్లే సంబడం అని కసిరింది. ఆ నవ్వే ఇప్పుడు తీరిగ్గా వచ్చి బల్ల మీద పక్కన కూర్చుంది. ఇరవయ్యేళ్ళలో ఆయన సరైన మాట అన్నది ఒక్కసారే, ఆ ఒక్కసారీ తను వినిపించుకోలేదు.

తేలిక, తేలిక అనేది ఆగ్నేసమ్మ. ఇటలీ దేశపు సిస్టరమ్మ, మొక్కజొన్న పీచు రంగు కనుబొమలు, చిన్నాపెద్దా అందరినీ నువ్వు అనే తెలుగు. రెండు చేతులూ మోచేతుల దాకా పిండి చేసుకుని, "ఇది పండగ రొట్టె కాదు మేరీ. ఇది ఊరికే. నలుగురు వస్తారు, కూర్చుంటారు, మాట్లాడతారు, తుంచుకుంటారు. పళ్ళెం వద్దు. తేలిక" అనేది. పిండిని చాపలా పరవడం, కూర పులమడం, చాప చుట్టినట్టు చుట్టడం, రెండు కొసలూ కలిపి కడియం చెయ్యడం, కత్తెరతో రెండు వేళ్ళ ఎడానికొక గాటు పెట్టి రేకుల్లా విప్పడం, గుడ్డుసొన రాయడం. అంతే. ఆ అంతే చేతికి రావడానికి ఏడు రొట్టెలు తగలబడ్డాయి. ఒకటి పిడకైంది, ఒకటి విచ్చుకుని కూరంతా రేకు మీద కక్కింది, ఒకటి పొంగి పొంగి మధ్య కంత పూడుకుపోయి చిల్లు లేని గారెలా బయటికొచ్చింది. ఎనిమిదోసారి మేరమ్మ ఎవరినీ అడగకుండా ఒక ఇత్తడి గ్లాసుకు నూనె రాసి కంతలో బోర్లించింది. కడియం కడియంలాగే కాలింది. ఆగ్నేసమ్మ ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తమ ఊళ్ళో తమ అమ్మకు కూడా ఈ ఉపాయం తెలియదని చెప్పింది. ఆ మాట మేరమ్మ ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే అరిగిపోతుందేమోనని. రెండేళ్ళ కింద ఆగ్నేసమ్మ తన దేశం వెళ్ళిపోయింది. కేరళ సిస్టర్లు వచ్చారు, మంచివాళ్ళే, అన్నమూ చేపల పులుసూ తింటారు. రొట్టె పొయ్యిలో ఇప్పుడు కట్టెలు పేరుస్తున్నారు. మేరమ్మ బియ్యం కడుగుతుంది, చేపలు తోముతుంది. కడియం రొట్టె చెయ్యమని అడిగే నోరు లేక చేతులు తిమ్మిరెక్కినట్టు ఉండేవి.

అడిగింది రోషన్ బీ. ఆగ్నేసమ్మ ఉన్న చివరి క్రిస్మస్‌కు మేరమ్మ రొట్టె బుట్టలో పెట్టుకుని ఫాదరు గారింటికి తీసుకుపోతూ బన్నుల కోసం ఈ బట్టీ ముందు ఆగింది. రోషన్ బీ బయటికొచ్చి గుడ్డ తొలగించి చూసి, "అబ్బ, పెళ్ళికూతురి కడియంలా ఉంది. లోపలేంటి?" అంది. మేరమ్మ నీళ్ళు నమిలి, పంది మాంసమండీ అంది. రోషన్ బీ రెండడుగులు వెనక్కి వేసి, చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ చెంగు పైనుంచి మాత్రం కడియాన్ని వదలకుండా చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. "మేం తినేది ఒకటి చెయ్యి మేరమ్మా ఎప్పుడన్నా. రంజాన్‌లో మా ఆడబిడ్డలొస్తారు" అంది. ఊరికే అన్న మాటనుకుంది. కాదు. మొన్న శుక్రవారం కాన్వెంటు గేటు దాకా వచ్చి మరీ అడిగింది, వంటమనిషిని పిలిచినట్టు కాదు, పనితనం తెలిసిన మనిషిని పిలిచినట్టు. గంపలగూడెం నుంచి ఆడబిడ్డలు బస్సెక్కి వస్తున్నారని, వాళ్ళకీ రొట్టె గురించి ముందే చెప్పేశానని.

అందుకే ఎన్ని జాగ్రత్తలు పడింది. కీమా హుస్సేన్ కొట్లో తన కళ్ళ ముందు కొట్టించుకుంది. ఆగ్నేసమ్మ వాడే పంది కొవ్వు మాటే తలవకుండా కొత్త డాల్డా డబ్బా సీలు విప్పింది. కాన్వెంటు రేకు పళ్ళెం వద్దని రోషన్ బీ ఇంటి పళ్ళేన్నే చింతపండుతో తోమించుకుంది. కత్తి కొత్తది, గ్లాసు రోషన్ బీదే. వాకిలంతా కాపలా కాసింది, ఇంటిదొంగను మాత్రం పట్టుకోలేకపోయింది. ఇంతసేపూ ఆమె భయమల్లా ఉప్పు గురించే. పొద్దున పది గంటలకు పొంగిన పిండిని నెత్తిన పెట్టుకుని వచ్చి, ఈ ఇంటి పెరట్లో ఉల్లిపాయలు తరిగి, కీమా వేయించి, ఉడికించిన గుడ్లు చిదిమి, కొత్తిమీర చల్లింది కానీ అలవాటుగా అరచేతిలో చుక్క వేసుకోబోయి ఆగిపోయింది. చుట్టూ ఉపవాసాలతో పెదవులు ఎండిన మనుషులు తిరుగుతుంటే తను నాలుక చప్పరించడమేంటి. కుండలో నీళ్ళున్నాయి, నువ్వు తాగు, నీకేం పట్టింపని రోషన్ బీ రెండుసార్లు చెప్పింది. తర్వాత తాగుతానంది. ఆ తర్వాత రాలేదు. ఇంటి దగ్గర చద్దన్నం ముందు కూర్చుని కూడా, పిండి పొంగిందో లేదోనని ముద్ద ఎత్తకుండానే లేచింది. ఉప్పు చూడకుండా వంట చెయ్యడం ఆమె జన్మలో ఇదే మొదలు. ఎక్కువైందో తక్కువైందో అని బిక్కుబిక్కుమంటూ ఉంది ఇందాకటి వరకూ. ఇప్పుడు ఉప్పు కషాయమైనా ఫర్వాలేదనిపిస్తూ ఉంది.

అయిదూముప్పావు కావస్తోంది. మట్టి మెత్తిన సందుల్లోంచి సన్నగా వాసన మొదలైంది, వేగిన ఉల్లిపాయదీ, కాలే గోధుమదీ. కల్లు వాసన ఎక్కడా లేదు. వేడికి ఎగిరిపోతుంది, ఆ మాట నిజం, ఇన్నేళ్ళలో ఆ రొట్టె తిన్నవాడెవడూ తూలి పడలేదు. మరి ఎగిరిపోయినదాన్ని పట్టుకొచ్చి చెప్పడం ఎందుకు? ఎవరికి తెలుస్తుంది? గౌడకు తెలియదు, అది ఏ ఇంటి రొట్టెకో. జోజప్పకు తెలుసు కానీ జోజప్ప మాట ఈ వీధిలో ఎవరు వింటారు. కావాలని చేసింది కాదు కదా, దేవుడు మనసు చూస్తాడు కదా, వాళ్ళ దేవుడైనా మన దేవుడైనా చూసేది అదే కదా. ఆదివారం ప్రసంగంలో విన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి సాక్ష్యానికి వచ్చి నిలబడ్డాయి. ఇంకో దారి కూడా ఉంది. రొట్టె తీసేటప్పుడు పళ్ళెం అందుకోబోయి చెయ్యి కాలినట్టు వదిలేస్తే సరి, మట్టిలో పడుతుంది, అయ్యో అంటారు, కుక్కలు తింటాయి, పాపమూ లేదు, మాటా రాదు. కిందపడేసే చేతుల కేసి చూసుకుంది మేరమ్మ. చేతులు ఒప్పుకోవు. చెబితే ఏమవుతుందో కూడా కనబడుతూనే ఉంది. రోషన్ బీ మొహం ఎలా ముడుచుకుంటుందో, ఊరి నుంచి వచ్చిన ఆడబిడ్డలు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారో, అలాంటి వాళ్ళతో చేయిస్తే ఇలాగే ఉంటదని ఎవరో ఒకరు నెమ్మదిగా ఎలా అంటారో. ఆ మాట ఈ జన్మలో ఎన్నో వాకిళ్ళలో విన్నది. ఈ వాకిట్లో ఒక్కటే ఇంతవరకూ వినలేదు. తన పని కావాలని అడిగిన ఒక్క మనిషి ఉంది ఈ తిరువూరులో, ఆ మనిషి గుమ్మం కూడా ఇవాళ్టితో సరి. చెప్పకపోతే గుమ్మం ఉంటుంది. వచ్చే రంజాన్‌కూ పిలుస్తుంది. అప్పుడు పులుపు మార్చి చేస్తే పోయె, ఎవరికీ నష్టం లేదు. నోరు మూసుకుంటే చాలు. తేలిక, తేలిక.

అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో తెలియదు, ఏ వాసన పట్టుకుని వచ్చిందో. అమ్మ పేరు రిబ్కా. రెడ్డిగూడెంలో ఆదిశేషయ్య గారి తోటలో మామిడికాయలు కోసే పని. మేరమ్మకు ఎనిమిదేళ్ళు. ఆయన గారింట్లో పెళ్ళి జరిగింది, మర్నాడు కోత కూలీలందరికీ పాకలో చక్కెర పొంగలి పెట్టారు. జీడిపప్పు తగిలింది నోటికి. అమ్మ తన ముద్దలోని జీడిపప్పు కూడా ఏరి కూతురి ఆకులో వేసి, ఎంత బాగుందో చూడవే, పెద్దింటోళ్ళ మనసు పెద్దదే అని రెండుసార్లు అంది. నాలుగు రోజుల తర్వాత కాయలు కోస్తుంటే ఆ ఇంటి పనిమనిషి వచ్చి పకపకా నవ్వుతూ చెప్పింది, అదంతా బంతిలో లేచిపోయిన వాళ్ళ విస్తళ్ళలోంచి ఎత్తిన పొంగలేనని. అమ్మ పోట్లాడలేదు, కక్కుకోలేదు. బుట్ట దింపి తోటకు నీళ్ళు పారే బోదె దగ్గరికి పోయి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. నాలుగు రోజుల కిందటి తిండికి ఇప్పుడు పుక్కిలిస్తే ఏం పోతుందో మేరమ్మకు అర్థం కాలేదు. సాయంత్రం ఇంటికి నడుస్తూ అమ్మ తనలో తను అన్నట్టే అంది. "ఎంగిలి తినని బతుకా మనది. చెప్పి పెడితే తినేదాన్నేమో. చెప్పకుండా పెట్టారే." తర్వాత ఎన్నేళ్ళు బతికిందో అన్నేళ్ళూ అమ్మ చక్కెర పొంగలి ముట్టలేదు. బాగుందని తను రెండుసార్లు అన్న మాట ఆమెను ఎంత కాల్చిందో, ఇదిగో, ఈ బట్టీ గోడకు ఆనుకుని కూర్చుంటే ఇన్నాళ్ళకు తెలిసింది. రోషన్ బీ కూడా ఇవాళ బాగుందంటుంది. రెండుసార్లు కాదు, పదిసార్లు అంటుంది, అలాంటి మనిషే ఆమె. మేరమ్మ లేచి నిలబడింది. పెరటి వైపు నడిచింది.

పెరట్లో రోషన్ బీ పీట మీద కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తూ ఉంది. ఆడబిడ్డలు ముగ్గురూ బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

"వాసన ఇక్కడిదాకా వస్తోంది మేరమ్మా" అంది రోషన్ బీ తలెత్తకుండానే. "మావాళ్ళకి అప్పుడే ప్రాణం లాగేస్తోంది."

"బీబమ్మ గారూ, అది మీరు తినొద్దండి."

రోషన్ బీ తలెత్తింది.

"పిండి పొంగడానికి కల్లు పోశానండి. కాన్వెంట్లో ఎప్పుడూ పోసేదే, చెయ్యి అలవాటున పోసేసింది. రేకు మూశాక గుర్తొచ్చింది."

రోషన్ బీ చేతిలో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. ఈగ ఒకటి పళ్ళెం అంచు మీద వాలి నడుస్తుంటే దాన్నే చూసింది కాసేపు. మేరమ్మ కొంగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఇలా ఎంతసేపైనా నిలబడొచ్చు, ఆ మొహం ఇటు తిరిగితేనే కష్టం.

"ఎంత?"

"గిద్దెడండి."

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పావు?"

మేరమ్మ చాలా చెప్పాలనుకుంది, పొంగలి గురించి, బోదె గురించి. "మా అమ్మకి ఒకళ్ళు చెప్పకుండా పెట్టారండి" అని మాత్రం అనగలిగింది.

ఏం పెట్టారని రోషన్ బీ అడగలేదు. గింజ తీసిన ఖర్జూరాన్ని పళ్ళెంలో పెట్టి, చెయ్యి తుడుచుకుని లేచింది. "రోజా విప్పేవాళ్ళ ముందు అది పెట్టలేను మేరమ్మా" అంది. కోపంగా అనలేదు, మెత్తగానూ అనలేదు, ఉన్నది ఉన్నట్టు అంది. "మా బట్టీలో కల్లుపిండి కాలిన సంగతి ఆయనకి నేను చెప్పుకుంటాలే."

సరిగ్గా అప్పుడే రేకు తీసిన చప్పుడైంది. ఖాదర్‌బాషా పొడుగు చెక్క మీద పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఎలా వచ్చిందంటే, ఆగ్నేసమ్మ ఉన్నన్నాళ్ళలో ఒక్కటీ అంత బాగా రాలేదు. రేకు రేకూ విడివిడిగా విచ్చుకుని, పైన సొన తేనెరంగు తిరిగి, మధ్య కంత గుండ్రంగా, గ్లాసు ఇప్పుడే తీసినట్టు. మేరమ్మకు దాని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. కాస్త మాడి ఉండకూడదా. ఆడబిడ్డలు తడి చేతులతోనే చుట్టూ చేరారు. చిన్నామె దాని పైకి వంగి, "ఎంత బాగుందో వదినా. ఇదేనా నువ్వు చెప్పింది? మనకేనా?" అంది.

మేరమ్మ నేల చూపులు చూసింది. రోషన్ బీ ఇప్పుడు చెబుతుంది. చెప్పాలి కూడా.

"మనక్కాదు" అంది రోషన్ బీ. "మేరమ్మ వాళ్ళ ఇంటికి. మన బట్టీలో కాల్చుకుంది. మనకి రేపు చేస్తది." అంటూనే ఉతికిన తువ్వాలు తెచ్చి రొట్టె మీద కప్పింది, చంటిపిల్లకు కప్పినట్టు. తర్వాత మేరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "రేపు పొద్దున్నే రా. మా బట్టీలో నిన్నటి పిండి ముద్ద ఉంటది, రోజూ బన్నులు దాంతోనే పొంగుతాయి. ఎంత కావాలో తీసుకుని ఇక్కడే కలుపు. ఆడబిడ్డలు ఆదివారం దాకా ఉంటారు."

మేరమ్మ అవునండీ అనాలో వస్తానండీ అనాలో తెలియక తలూపి, తువ్వాలు కప్పిన పళ్ళేన్ని చంకన పెట్టుకుంది. పళ్ళెం కాలుతూ ఉంది, కొంగు మడిచి అడ్డం పెట్టుకుంది. ఇంటి దగ్గర జోజప్ప ఉన్నాడు, పిల్లలున్నారు, తింటారు. జోజప్ప అయితే ముక్క తుంచుకుని, ఏమే, చివరికి నా న్యాయమే గెలిచిందా అంటాడు. అననీ. ఇవాళ్టికి అననీ. గుమ్మం దాకా నడిచింది. ఇంట్లో అందరూ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. మధ్యలో రొట్టె కోసం వదిలిన చోటు వదిలినట్టే ఉంది, ఎవరో పకోడీల పళ్ళేన్ని అక్కడికి జరిపారు. మసీదు వైపు నుంచి అజాన్ మొదలైంది. మాటలన్నీ ఆగిపోయాయి, చేతులు ఖర్జూరాల మీదికి వెళ్ళాయి. ఈ ఘడియలో తను ఎదురుగా ఉండకూడదని మేరమ్మ గడప దాటబోయింది.

"ఆగు" అంది రోషన్ బీ.

కూర్చున్నది లేచి వచ్చింది. ఒక చేతిలో ఖర్జూరం, ఒక చేతిలో గ్లాసు. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి.

"ఉప్పు చూశావా కూరలో?"

"లేదండి. మీరంతా ఉపవాసం ఉంటే నేనెట్టా నోట్లో పెట్టుకుంటాను."

"నీళ్ళు?"

మేరమ్మ చంకలో పళ్ళెం సర్దుకుంది.

"పొద్దుటి నుంచీ చూస్తానే ఉన్నా. కుండ మీద మూత తియ్యలేదు నువ్వు. తీసుకో."

"నాది రోజా కాదండి."

"నాకు తెలుసు. తిను."

చంకలో పళ్ళెం, ఒక చెయ్యే ఖాళీ. ఆ చేత్తో అందుకుంది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాక గానీ తెలియలేదు తనకు ఎంత దాహం వేస్తూ ఉందో. రోషన్ బీ గ్లాసు కూడా అందించి, మేరమ్మ గుటక వేసేదాకా అక్కడే నిలబడి చూసింది. వెనక్కి వెళ్ళి కూర్చుని, అప్పుడు తన రోజా విప్పుకుంది.